నడకదారికి చందా

దారి వేయడం ఒక పని. వేసిన దారిని నిలుపుకోవడం మరొక పని. మొదటి పనికి ప్రారంభోత్సవం ఉంటుంది, పూలదండలుంటాయి, పేర్లు చెక్కిన శిలాఫలకం ఉంటుంది. రెండవ పనికి ఇవేవీ ఉండవు. ఈ సంవత్సరం చేసిన పనిని వచ్చే సంవత్సరపు వాన కడిగివేస్తుంది. మళ్ళీ పార పట్టవలసిందే. మా జగిత్యాల ఖిల్లానే చూడండి. నక్షత్రాకారంలో ఆ కోటను కట్టించినవారి సంగతి చరిత్రలో చదువుకుంటున్నాము. దాని చుట్టూ ఉన్న కందకంలో ఏటేటా పూడిక తీసినవారి పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. అయినను కందకం ఈనాటికీ కందకంగా కనబడుతున్నదంటే ఆ పేరు లేని చేతుల చలువయే కదా!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి వచ్చి ఈ కళాశాలలో చదువుకుంటున్న కొందరము కలిసి, గత రెండు సంవత్సరాలుగా పట్టణ శివారులోని ఒక పల్లె ప్రకృతి వనంలో నడకదారిని బాగుచేయుటకు చందాలు పోగుచేస్తున్నాము. మేము చేసిన ఘనకార్యాన్ని చాటుకొనుటకు ఈ వ్యాసం వ్రాయడం లేదు. చేసింది చాల స్వల్పము. అయితే ఆ స్వల్పమైన పనిలోనే మాకొక పెద్ద ప్రశ్న ఎదురైంది. దానిని పాఠక మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచాలన్నదే మా కోరిక.

ముందుగా ఈ వనాల సంగతి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీ బడ్జెటులో పదవ వంతు పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించింది. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి కార్యక్రమం ఆరంభమైంది. 2020 నుండి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వెలిసినవి. స్థలం దొరికిన మేరకు, అప్పటి ఉపాధి హామీ పథకపు కూలీల చెమటతో గుంతలు తీసి, మొక్కలు నాటి, మధ్యలో మనుషులు నడుచుటకు దారులు పరిచినారు. పేదవాడు టిక్కెట్టు కొనకుండా విహరించదగిన స్థలం మన పల్లెల్లో అంతకు ముందు ఎంత ఉండెనో ఆలోచిస్తే, ఇది చిన్న సంగతి కాదని తెలుస్తుంది.

కాని నాటిన చెట్టు పెరుగుతుంది. వేసిన దారి పెరగదు, తరుగుతుంది. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి, పంచాయతీలు ప్రత్యేకాధికారుల పాలనలోనికి వెళ్ళినవి. మంచినీరు, వీధి దీపాలు, చెత్త బండి వంటి అత్యవసరాల తరువాతనే వనము, వనము తరువాతనే అందులోని దారి. ఇది ఎవరినీ నిందించుటకు చెప్పుచున్న మాట కాదు. ఇల్లు నడిపే తల్లి కూడా ముందు బియ్యం చూసుకొని ఆ తరువాతనే సున్నం సంగతి తలుస్తుంది.

మేము ఎంచుకున్న దారి వనం గేటు వద్ద మొదలై, చెట్ల మధ్య నుండి పోయి, వెనుకనున్న చెరువు కట్ట మీద ముగుస్తుంది. అంతా కలిపి అర కిలోమీటరు. పని మొదలుపెట్టక మునుపు దారికి మనుషుల కాళ్ళే శత్రువులని తలచినాము. అది నిజం కాదు. దారికి అసలు శత్రువు నీరు. వాలు మీద పడిన వాన అడ్డంగా పోయే వీలు లేనప్పుడు దారినే కాలువగా చేసుకుంటుంది. మొరం కొట్టుకొనిపోయి గులకరాళ్ళు తేలుతాయి. అందువలన దారిని ఒక పక్కకు కొద్దిగా వాలుగా చదును చేయాలి. కొన్ని గజాలకు ఒకచోట ఏటవాలుగా రాళ్ళు పాతి నీటిని పక్కకు మళ్ళించాలి. ఆ రాళ్ళ వెనుక చేరే మట్టిని వానకాలానికి ముందొకసారి, తరువాతొకసారి ఎత్తిపోయాలి. రెండవ శత్రువు ముళ్ళకంప. సర్కారు తుమ్మ ఒక్క వానకే దారి మీదికి చేతులు చాస్తుంది. వయ్యారిభామ పూత పట్టక ముందే పీకాలి. పూసిన తరువాత పీకితే విత్తనాలను మనమే చల్లినట్లవుతుంది. పైగా అది తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. చేతి తొడుగులు లేక ముట్టరాదు.

శ్రమ మాది, ఆదివారాలలో. డబ్బు కావలసింది మొరం ట్రాక్టరుకు, రాళ్ళకు, పారలు, గడ్డపారలు, కొడవళ్ళు, తట్టలు, చేతి తొడుగులకు. పంచాయతీ కార్యదర్శి గారి అనుమతి పత్రం తీసుకొని, తెలుగు, ఉర్దూ రెండు భాషలలోనూ రసీదు పుస్తకం అచ్చు వేయించి, బజారులో అడుగు పెట్టినాము.

జగిత్యాల అంగడిలో ఒక వృద్ధ వర్తకుడు రసీదు పుస్తకాన్ని అటూ ఇటూ త్రిప్పి చూసి, "చందా ఇస్త బేటా. కాని హిసాబు ఎక్కడ కనిపిస్తది?" అని అడిగినారు. ఖర్చు లెక్క ప్రతి నెలా వనం గేటుకు అంటిస్తామని చెప్పినాము. "అట్లయితే లెక్క అంటించినంక రా" అన్నారు. మరుసటి నెల లెక్క చూసిన తరువాతనే గల్లాపెట్టె తెరిచినారు. ఆయన నేర్పిన పాఠం ఏ వాణిజ్యశాస్త్ర గ్రంథమూ మాకు అంత సూటిగా నేర్పలేదు. చందా మొదటిసారి ముఖం చూసి వస్తుంది, రెండవసారి లెక్క చూసి వస్తుంది.

మాలో ఒకరి ఇల్లు కోరుట్లలో ఉన్నది. ఆ వాడకట్టులో చాలమంది స్త్రీలు బీడీలు చుట్టి బ్రతుకుతారు. వారి నుండి అడుగుటకు మాకు మనసొప్పలేదు. మేము పక్క దుకాణంలో అడుగుతుండగా ఒక పెద్దమ్మ తానే పిలిచి ఇరువై రూపాయలు చేతిలో పెట్టింది. "వద్దు పెద్దమ్మా" అన్నాము. "ఎందుకు వద్దు బిడ్డా? పొద్దంత చాటల తునికాకు పెట్టుకొని కూసుంటం. మోకాళ్ళు పట్టుకపోతయి. డాక్టరు నడువుమంటడు. రోడ్డు మీద నడిస్తే లారీలు. నడిచేటందుకు ఇంత జాగ ఉండాలె గద!" అన్నది. ఆమె ఉండేది కోరుట్లలో. మా దారి జగిత్యాల పక్కన. తాను ఎన్నడూ నడువబోని దారికి ఆమె చందా ఇచ్చింది.

సిరిసిల్లలో మరొక అనుభవం. అక్కడ మరమగ్గాల మధ్య పుట్టి పెరిగిన మా మిత్రుడు తన బంధువులను అడుగుదామని తీసుకొనిపోయినాడు. సాంచాల చప్పుడులో మాట వినబడదు. పని దిగిన తరువాత బయట నిలబడి చెప్పినాము. రోజంతా సాంచాల నడుమ నిలబడి పోగులు చూసే మనిషికి నడక గురించి చెప్పడం ఏమి సబబని లోలోపల సంకోచించినాము. అతడు విని, "నిలబడుడు వేరు, నడుసుడు వేరు తమ్ముడూ. సాంచల కాడ నిలబడితే పెయ్యి నొస్తది, చెర్ల గాలికి నడిస్తే పెయ్యి తేలికైతది" అని, తానూ కొంత ఇచ్చి, తోటివారి చేత ఇప్పించినాడు. చివరకు ఒక మాట అడిగినాడు: "మా దిక్కు ఎప్పుడు వస్తరు?" ఆ ప్రశ్నకు మేమింకా బదులు చెప్పవలసి ఉన్నది.

ఇక మా ప్రాంతపు పల్లెలలో గల్ఫుకు పోయినవారు లేని వాడ ఉండదు. అక్కడి నుండి కూడ కొందరు తమ ఇంటివారి ద్వారా పైకం పంపినారు. ఎండలో ఇతరుల దేశపు దారులు వేసేవారికి సొంత ఊరి దారి మీద మమకారం ఎక్కువగా ఉండడం సహజమే.

ఇట్లు చిల్లర చిల్లరగా చేరిన డబ్బుతో చెట్ల మధ్యనున్న సగం దారి బాగుపడింది. కట్ట మీది సగం మిగిలింది. దానికి మొరం ఎక్కువ కావాలి, రాళ్ళు ఎక్కువ కావాలి. వానకాలం దగ్గర పడుచున్నది. అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పల్లెలలోను, పక్కన నిజామాబాదు ప్రాంతంలోను గ్రామాభివృద్ధి కమిటీలు బలంగా ఉన్నవన్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఇవి చట్టం ఏర్పరచిన సంస్థలు కావు. ఊరివారు తామే ఏర్పరచుకున్నవి. వేలం పాటల ద్వారా, చందాల ద్వారా డబ్బు కూడబెట్టి గుళ్ళు, బడి గదులు, రోడ్లు కట్టించిన కమిటీలు ఉన్నవి. వాటి మేలును కాదనలేము. అదే సమయంలో కొన్ని ఊళ్ళలో మాట వినని కుటుంబానికి జరిమానాలు వేయడం, సాంఘిక బహిష్కారం విధించడం, ఆ తగవులు పోలీసు ఠాణాల వరకు, న్యాయస్థానాల వరకు పోవడం కూడ పత్రికలలో చదువుచున్నదే.

అట్టి కమిటీలో పలుకుబడి గల పెద్దమనిషి ఒకరు మా పని చూసి సంతోషించినారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు: "మీరు దుకాణం దుకాణం తిరుగుడెందుకు? ఇంటికింత అని కడదాం. డప్పు చాటింపు వేయిస్త. వారంల పైసలొస్తయి. ఇయ్యనోనికి దండుగ. మీరు మొరం కొట్టించుకోండ్రి."

ఆ సాయంత్రం మేము కట్ట మీద కూర్చుండి రెండు గంటలు వాదించుకున్నాము. ఒప్పుకోవలెనన్నవారి వాదం తేలికైనది కాదు. దారి అందరిదీ, అందరూ నడుస్తారు, అందరూ ఇస్తే తప్పేమి? వర్షం మన నీతిశాస్త్రం కోసం ఆగదు కదా? ప్రభుత్వం పన్ను వేయడం లేదా?

కాదన్నవారిలో మా ఉర్దూ తరగతి మిత్రుడొకడు ఒకే ఒక మాట అన్నాడు: "దీనికి మా ఇంట్లో బేగారు అంటారు." తెలుగులో దానినే వెట్టి అంటాము. ఆ మాట వినగానే మాలో చాలమందికి ఇండ్లలో తాతలు చెప్పిన సంగతులు జ్ఞప్తికి వచ్చినవి. అధికారి వస్తున్నాడంటే ఊరివారు దారి చదును చేయవలె, దొర బండి పోవుటకు గుంతలు పూడ్చవలె, మూటలు మోయవలె, కూలి అడుగరాదు. నిజాం రాజ్యములో 1930లో జోగిపేటలో ఆరంభమైన ఆంధ్ర మహాసభలు ఈ వెట్టిని ఖండించినవి. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో బేగారును పేరు పెట్టి నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అయినను పల్లెలలో దొరల పెత్తనం పోలేదు. 1978 సెప్టెంబరు 7న ఈ జగిత్యాల వీధులలోనే వేలాది మంది రైతులు, కూలీలు జైత్రయాత్రగా నడిచినారు. వెట్టి పోవాలన్నది వారి ప్రధానమైన కోర్కెలలో ఒకటి. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆనాటి రాజకీయాలను గురించి ఎవరి అభిప్రాయం ఏదైనను, ఒక్క సంగతి మాత్రం అందరమూ ఒప్పుకోవలసి ఉన్నది: ఇష్టం లేని పనికి "చేయను" అని చెప్పగల హక్కు ఈ నేలకు ఊరకనే రాలేదు.

పన్ను మాటకు కూడ సమాధానం వెదకినాము. పన్ను చట్టం వేస్తుంది. దానిని వేసేవారిని మనం ఓటుతో ఎన్నుకుంటాము, ఓటుతో దించుతాము. లెక్కకు తనిఖీ ఉంటుంది. అన్యాయమనిపిస్తే కోర్టుకు పోవచ్చును. చాటింపు వేసి వసూలు చేసే దండుగకు ఇవేవీ లేవు. దానికున్న బలం భయమొక్కటే. బీడీలు చుట్టే ఇంటికీ, పెద్ద దుకాణం ఉన్న ఇంటికీ ఒకే మొత్తం కట్టడం సమానత్వం కూడ కాదు. కోరుట్ల పెద్దమ్మ ఇచ్చిన ఇరువై రూపాయలకు విలువ వచ్చింది ఆమె ఇవ్వకుండ ఉండగల స్వేచ్ఛ వలననే. అదే ఇరువై రూపాయలు దండుగ భయంతో ఇచ్చి ఉంటే, మొరం అదే కొలతకు వచ్చును గాని, దారి మాత్రం వేరొకటి అయ్యేది.

మరునాడు ఆ పెద్దమనిషి ఇంటికి వెళ్ళి నమస్కరించి, వద్దని విన్నవించుకున్నాము. ఆయనకు కోపం రాలేదు గాని ఆశ్చర్యం కలిగింది. "మీ ఇష్టం బిడ్డా. వాన మాత్రం మీ ఇష్టం అడుగది" అన్నారు. ఆయన మాట నిజమే అయింది. ఆ వానకాలంలో కట్ట మీది దారి రెండు చోట్ల కోసుకొనిపోయింది. పొద్దున పొద్దున ఆ కట్ట చివర వరకు పోయి కూర్చుండే వృద్ధులు నాలుగు నెలలు చెట్ల మధ్యనే మళ్ళి వచ్చినారు. మేము తీసుకొన్న నిర్ణయానికి వెల వారు చెల్లించినారన్న స్పృహ మాకున్నది. అయినను ఆ నిర్ణయం సరియైనదేనని నేటికీ మా అందరి విశ్వాసం. వానలు వెనుకబట్టిన తరువాత అదే పెద్దమనిషి తన సొంత ట్రాక్టరులో రెండు లోడుల మొరం పంపినారు. రసీదు వ్రాసి ఇచ్చినాము. ఆ నెల లెక్కలో అందరి పేర్లతో పాటు ఆయన పేరూ గేటుకు ఎక్కింది.

ఇట్టి పని లోకంలో మరెక్కడా లేదనుకొనరాదు. అమెరికాలో అపలాచియన్ పర్వతాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల కాలిబాట ఒకటి ఉన్నది. 1921లో బెంటన్ మెక్‌కాయ్ అనే ఆయన దానిని ప్రతిపాదించినారు. 1937 నాటికి బాట పూర్తయింది. 1968లో చట్టం ద్వారా దానికి జాతీయ స్థాయి గుర్తింపు వచ్చింది. ప్రభుత్వం అండ ఉన్నను, ముప్పది వరకు స్వచ్ఛంద సంఘాలు ఆ బాటను వంతులు వేసుకొని, తమ వంతు వచ్చిన మైళ్ళలో నీరు మళ్ళించుట, పడిన చెట్లు తీయుట, చెట్ల మీద తెల్లని గుర్తులు మళ్ళీ వేయుట వంటి పనులు చేస్తుంటాయి. అంత ధనిక దేశంలో కూడ కాలిబాట నిలిచి ఉన్నది పార పట్టిన చేతుల మీదనే. మాకు నచ్చిన సంగతి ఆ వంతు. మొత్తం దారి ఎవరి వలనా కాదు. ఒక వంతు ఎవరి వలననైనా అవుతుంది.

అంత దూరం పోనక్కరలేదు. ఎండాకాలం రాగానే మన పట్టణాలలో చలివేంద్రాలు వెలుస్తాయి. కుండలు, గంజులు, ఇసుక, గోనెపట్టాలు ఎవరో ఇస్తారు. నీళ్ళు ఎవరో పోస్తారు. త్రాగేవాని కులమేదో మతమేదో ఎవరూ అడుగరు. నిన్న నింపిన కుండ నేటికి ఖాళీ, మళ్ళీ నింపాలి. ఏ రోజుకారోజు చేసే ఈ దానానికి శిలాఫలకం వేయించుకొన్నవారు ఎవరూ లేరు. ఇస్లాం సంప్రదాయంలోనూ బాటసారికి బాధ కలిగించే దానిని దారి నుండి తొలగించడం సదఖాగా, అనగా దానంగా, ఎంచబడుతున్నది. అంటే నిర్వహణ కొరకు ఇచ్చే గుణం మన ఇండ్లలో ఎప్పటినుండో ఉన్నది. దానిని కుండ దగ్గరనుండి దారి దగ్గరకు తీసుకొని రావడమే మిగిలింది.

ఒక హెచ్చరిక కూడ చేయవలసి ఉన్నది. మేము పార పట్టినామని పంచాయతీ బాధ్యత తీరిపోదు. పచ్చదనానికని చట్టం చెప్పిన పదవ వంతులో ఈ దారికి ఎంత వస్తుందో వ్రాతపూర్వకంగా అడిగినాము, ఇక ముందూ అడుగుతాము. స్వచ్ఛంద సేవ ప్రభుత్వానికి సాకు కారాదు. ప్రభుత్వం ఉన్నదన్నది మనకూ సాకు కారాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం చిన్నది. వానకాలానికి ముందొక దినం, తరువాతొక దినం ఈ పనికి కేటాయించుటకు అనుమతించండి. దానిని హాజరుతో గాని, మార్కులతో గాని ముడిపెట్టవద్దని ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాము. మార్కులకు భయపడి వచ్చిన చేయి కూడ బేగారు చేయియే అవుతుంది. పదిమంది ఇష్టంతో వస్తే పది గజాలు బాగుపడుతుంది; ఆ పది గజాలు చాలును.

విద్యార్థి మిత్రులారా! ఈసారి వానలు రాకముందే కట్ట మీద నీటి కాలువలు తీయవలసి ఉన్నది. రసీదు పుస్తకం గ్రంథాలయంలో బల్ల మీద ఉంచినాము; గడచిన నెల లెక్క దాని పక్కనే ఉన్నది. ముందు లెక్క చదవండి. తరువాత తోచినంత ఇవ్వండి. లేదా ఆదివారం తట్ట పట్టుటకు రండి. ఇవ్వలేనివారు, రాలేనివారు కూడ ఆ దారిన నడువవచ్చును. వారిని ఎందుకు ఇవ్వలేదని అడిగేవారు అక్కడ ఎవరూ ఉండరు.